మొదటి ముద్ద దిగేదాకా

మా ఇంట్లో అన్నం తినడానికి ఒక పద్ధతి ఉండేది. కంచంలో అన్నం పెట్టాక, పప్పు జోలికి వెళ్లకముందే, అక్క ఒక మూల కాస్త అన్నం విడదీసి, దాని మీద చెంచాడు పొడి చల్లి, కాగిన నెయ్యి వేసి, తన చేత్తోనే కలిపేది. ముద్ద చేసి నా అరచేతిలో పెట్టేది. "మింగెదాంక మాట్లాడకు" అనేది. ఆఫీసు నుంచి మోసుకొచ్చిన ముచ్చట్లన్నీ నా నాలుక చివర ఉండేవి. ఆ ముద్ద గొంతు దిగేదాకా ఆపుకునేదాన్ని. దిగాక అక్క "ఇగ చెప్పు" అనేది. ఇక అప్పుడు మొదలుపెడితే పెరుగన్నం అయ్యేదాకా నా నోరు మూతపడేది కాదు.

ఆ పొడి మా అమ్మది. ముదిగొండ దగ్గరి మా ఊళ్లో ఎవరింట్లో కాన్పు అయినా అమ్మను అడిగి చేయించుకునేవారు. వాము, జీలకర్ర, సొంఠి, మిరియాలు, పిప్పళ్లు, నేతిలో పొంగించిన ఇంగువ, సైంధవ లవణం, కరక్కాయ పెచ్చు. బాలింత ఆ పొడిని తన చేత్తో తాను కలుపుకోకూడదని, మొదటి ముద్ద వేరే ఆడమనిషి కలిపి చేతిలో పెట్టాలని మా వాళ్ల పట్టింపు. అక్కకు పిల్లలు కలగలేదు. నేను పెళ్లే చేసుకోలేదు. బాలింత అన్నదే లేని ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం ఏళ్ల తరబడి బాలింత పొడి తిన్నాం. ఆ మాట అని నేను నవ్వితే, "నీ కడుపు బాలింత కడుపుకన్నా అధ్వానం, ముందు తిను" అనేది అక్క.

అది నిజమే. చిన్నప్పటి నుంచి నాది వంకలు పెట్టే కడుపు. చిక్కుడుకాయ ఓర్వదు, శనగపప్పు ఓర్వదు, కోపం అసలే ఓర్వదు. కోపం నాకు ముక్కు మీద ఉంటుంది, అది నేరుగా పొట్టలోకి దిగుతుంది. భద్రాచలంలో ఒక కాలేజీ ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఫీజు రసీదు పోగొట్టుకుని నా మీదే అరిచేవాళ్లు రోజూ ఒకరైనా ఉంటారు. సాయంత్రానికి పొట్ట బిగుసుకుపోయి ఇంటికి చేరేదాన్ని. అక్క నా ముఖం చూసేది, పొడి సీసా తీసేది.

మేం ఉండేది గోదావరికి ఇవతల, సారపాకలో. బావ అక్కడి కాగితం మిల్లులో పనిచేసేవాడు. ఆయన పోయాక అక్క ఒంటరిదైంది, నాకు అప్పుడే భద్రాచలంలో ఉద్యోగం దొరికింది. ఇద్దరం కలిసి ఒక ఇంటి పైవాటా కిరాయికి తీసుకున్నాం. కింద ఇంటివాళ్లు ఉంటారు, బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. ఆ ఇంటామె అక్కను పెద్ద ఆపా అని, నన్ను చిన్న ఆపా అని పిలిచేది. అక్క పైన రోట్లో పొడి దంచినప్పుడల్లా ఆమె కింది నుంచి, "పెద్ద ఆపా, నా ఇంటి కప్పు కూలగొడ్తవా ఏంది?" అని కేక వేసేది. మరుసటి రోజు చిన్న డబ్బా పట్టుకుని పొడి కోసం పైకి వచ్చేది కూడా ఆమే.

పోయిన ఏడాది వానాకాలంలో అక్క చనిపోయింది. నేను ఆఫీసుకు బయల్దేరేటప్పుడు బాగానే ఉంది. గొడుగు మర్చిపోతే మెట్ల దాకా తెచ్చి ఇచ్చింది. తర్వాత ఎప్పుడో ఎదలో బరువుగా ఉందని కిందికి వెళ్లి ఇంటామెతో అన్నదట. "గ్యాస్ పట్టింది, పొడి వేసుకుంట, తగ్గుతది" అన్నదట. పైకి వచ్చి వేన్నీళ్లలో పొడి కలుపుకుని తాగి పడుకుంది. మా ఇంట్లో ఏ నొప్పి వచ్చినా ముందు గ్యాసే. భుజం నొప్పి గ్యాస్, తలనొప్పి గ్యాస్, ఎద బరువు గ్యాస్. ఇంత మంచి పొడి ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకో రోగం వస్తుందన్న ఆలోచనే రాదు. మధ్యాహ్నం ఇంటామె ఫోన్ చేసింది. వాళ్లు అక్కను ఆటోలో వంతెన దాటించి దవాఖానాకు తీసుకొచ్చేసరికి నేను గేటు దగ్గర నిలబడి ఉన్నాను. గుండెపోటు అని చెప్పారు.

కార్యాలన్నీ ఊళ్లో అయి, చుట్టాలు వెళ్లిపోయాక, ఇంటికి తిరిగొచ్చి వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద పొడి సీసా మూత లేకుండానే ఉంది. చెంచా లోపలే ఉంది. పక్కన గ్లాసు, అడుగున గోధుమ రంగు మడ్డి. గ్లాసు కడిగాను. సీసాకు చెంచాతో సహా మూత పెట్టి పై అరలో, పచ్చడి జాడీల వెనక్కి తోసేశాను. పారేయడానికి చేతులు రాలేదు, అది అక్క చేత్తో దంచిన ఆఖరి పొడి. తినడానికీ మనసొప్పలేదు. ఆ పొడిని నమ్ముకునే కదా అక్క డాక్టరు దగ్గరికి వెళ్లకుండా పడుకుంది. నాకు ఆ సీసా మీద ప్రేమ ఎంతో కోపమూ అంతే. జాడీలు జరిపి అటు చూసే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ తర్వాత నా తిండి తిండిలా లేదు. ఒక్కదానికి కూర ఏం చేస్తామని పొద్దున వండిన అన్నంలో పచ్చడి వేసుకుని, గిన్నెలోనే కలిపి, గట్టు దగ్గర నిలబడి తినేసేదాన్ని. ఒక చేతిలో ఫోన్ ఉండేది. అందులో ఎవరో ఏదో మాట్లాడుతూ ఉండేవారు, ఏం మాట్లాడారో గుర్తుండేది కాదు. కొన్ని రోజులు అది కూడా లేదు, బస్టాండు దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు తిని ఇంటికి వచ్చి పడుకోవడమే. కడుపు ఊరుకుంటుందా? తిన్న కాసేపటికి ఉబ్బి చీర కుచ్చిళ్లు బిగుసుకునేవి. తేన్పులు రావు, వస్తే ఆగవు. పక్కటెముకల కింద ఏదో పైకి తన్నినట్టు ఉండేది.

అది కడుపే అని తెలుసు. తెలిసినా గుండె జారిపోయేది. అక్కకూ ఇలాగే అనిపించి ఉంటుంది కదా. షేరింగ్ ఆటోలో వంతెన మీద వస్తుంటే ఒక సాయంత్రం ఎద బరువెక్కింది. ఒక పక్క ఒకాయన కాళ్ల మధ్య కోళ్ల గంప పెట్టుకుని కూర్చున్నాడు, ఇంకో పక్క ఇద్దరు కాలేజీ పిల్లలు. ఎవరితో చెప్పాలి? చెబితే ఏమని చెప్పాలి? నా ఫోన్‌లో ఎవరికి చేయమనాలి? అక్క నంబరు తప్ప నాకు నోటికి వచ్చే నంబరు ఇంకొకటి లేదు. వంతెన దిగేసరికి పెద్ద తేన్పు ఒకటి వచ్చింది. కోళ్లాయన నా వైపు అదోలా చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ బతికాను అనుకున్నాను.

ఆ రోజు నుంచి తలుపు గడియ పెట్టకుండా పడుకోవడం మొదలైంది. నాకేమన్నా అయితే తలుపు విరగ్గొట్టకుండా లోపలికి రావచ్చని. కింది ఆమె కనిపెట్టి, "చిన్న ఆపా, గడియ ఎందుకు పెడ్తలేవు? జమానా మంచిగ లేదు" అంది. వానకు తలుపు ఉబ్బింది, గడియ పడట్లేదు అని చెప్పాను. అప్పటికి వానలు పోయి చలికాలం వచ్చింది.

ఆఫీసులో నా పొట్టకు సలహాదారులు ఎక్కువయ్యారు. ఒకరు సోడా తాగమన్నారు. ఒకరు నిమ్మకాయ, తేనె అన్నారు. ఇంకొకామె ఫోన్‌లో వీడియో చూపించి పరగడుపున వెల్లుల్లి నమలమంది, ఆ రోజు కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు దూరంగా నిలబడే మాట్లాడారు. తల ప్రాణం తోకకొచ్చి చివరికి భద్రాచలంలోనే ఉన్న ఆయుర్వేద దవాఖానాకు వెళ్లాను. అక్కడ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నా కథ సగం విని ఈసీజీ తీయించుకుని రమ్మంది.

"ఆయుర్వేదం డాక్టరువు, నీకు ఈసీజీ ఏందమ్మా?" అన్నాను.

"మీ అక్క సంగతి మీరే చెప్పిన్రు కదా మేడం. ముందు గుండె చూపియ్యండి. అది బాగుందంటేనే పొట్టకు మందు ఇస్త" అంది.

పెద్దాసుపత్రికి వెళ్లి అన్ని పరీక్షలూ చేయించుకున్నాను. గుండెకు ఏమీ లేదన్నారు. ఆ కాగితాలు పట్టుకుని బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం కాదు. ఆ పరీక్ష అక్కకు ఒక్కసారి చేయించి ఉంటే అని.

మళ్లీ వెళితే డాక్టరు నాడి చూసింది, నాలుక చూసింది, పొట్ట నొక్కి చూసింది. జఠరాగ్ని మందగించింది, వాతం పేరుకుంది అని చెప్పి అడిగింది, "ఎప్పుడు తింటరు?"

"ఎప్పుడు పడితే అప్పుడు."

"కూసొని తింటరా?"

నేను చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను. ఆమెకు అర్థమైంది. వేళకు తినమంది, కింద కూర్చుని నమిలి తినమంది, చల్లటి అన్నం మానేయమంది. నీళ్లు గోరువెచ్చగా తాగాలి, మధ్యాహ్నం చిలికిన పల్చటి మజ్జిగలో సొంఠి, వేయించిన జీలకర్ర వేసుకోవాలి, తిన్న వెంటనే పడుకోకుండా కాస్త నడవాలి. ఇవన్నీ అక్క రోజూ గొణిగిన మాటలే. ఆఖరున, "ఇంగువ, వాము పడ్డ చూర్ణం ఇస్త, మొదటి ముద్దల నెయ్యితోటి కలుపుకోండి" అంది.

"ఆ పొడి మా ఇంట్ల ఉంది. మా అక్క చేసింది" అన్నాను.

"ఎప్పటిది?"

"పోయినేడు వానకాలంది."

"వాసన చూడండి. వాసన పోతే దాంట్ల ఇంకేం లేనట్టే. పారేసి తాజాగా కొంచెం కొంచెం చేస్కోండి."

ఆమె మామూలుగానే అంది. పాత మందు గురించి డాక్టరు ఎవరైనా అదే అంటారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. పారేయాలట. నీ అక్క అయితే తెలిసేది అని మనసులో తిట్టుకుంటూ, ఆమె ఇచ్చే చూర్ణం తీసుకోకుండానే బయటికి వచ్చాను.

అయినా మజ్జిగ మొదలుపెట్టాను. కూర్చుని తినడమూ మొదలుపెట్టాను. కూర్చుంటే ఎదురుగా గోడ కనిపించేది, అందుకే ఇన్నాళ్లూ నిలబడి తిన్నానేమో. నడక కోసం సాయంత్రాలు మిల్లు వైపు రోడ్డు మీద వెళ్లేదాన్ని. జామాయిల్ కట్టెల లారీలు వరసగా ఆగి ఉండేవి, డ్రైవర్లు నీడన గుంపులుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ వండుకునేవారు. ఉబ్బరం సగం తగ్గింది. మిగతా సగం పొడి లేనిదే పోయేలా లేదు.

పై అర జోలికి వెళ్లకుండా నేనే చేద్దామని కిరాణా షాపులో సరుకులన్నీ కొన్నాను. అక్క చేస్తుంటే ఏళ్ల తరబడి చూశాను, ఇంత మాత్రం రాదా అనుకున్నాను. ఇంగువను నేతిలో పొంగించకుండా పచ్చిగానే మిక్సీలో వేశాను. కరక్కాయ మంచిదే కదా అని కాస్త ఎక్కువే వేశాను. మరుసటి రోజు ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వచ్చింది. ఇంట్లో నా తిరుగుడు అంతా మంచానికీ బాత్రూముకూ మధ్యే సాగింది. అక్క ఉంటే కడుపు పట్టుకుని నవ్వేది. నేను కూడా నవ్వాను, కానీ ఒక్కదాన్నే నవ్వితే ఆ నవ్వు ఎంతోసేపు ఉండదు.

తర్వాత ఆలోచిస్తే గుర్తొచ్చింది, అక్క కరక్కాయ ఎప్పుడూ షాపులో కొనలేదు. సంతకు వెళ్లి, అడవి ఊరి నుంచి వచ్చే ఒక కోయ ఆమె దగ్గరే తీసుకునేది. చలి తగ్గే రోజుల్లో ఒక సంతకు నేనే వెళ్లాను. ఆమె ఎప్పటి చోటే కూర్చుంది. ముందు పరిచిన పట్టా మీద చింతపండు, కరక్కాయలు, తానికాయలు ఉన్నాయి. పక్కామెతో వాళ్ల భాషలో మాట్లాడుతున్నదల్లా నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వు ఆ అక్క చెల్లెవు కాదా? అక్క రాలేదేంది? వానకాలం కాడ్నించి రాలే" అంది.

చుట్టూ జనం, బేరాలు, ఎవరో మైకులో మందులు అమ్ముతున్నారు. అక్కను ఎరిగినవాళ్లెవరికీ ఆమె చనిపోయిందని అప్పటిదాకా నేను చెప్పాల్సిన అవసరం పడలేదు. అందరికీ తెలుసు, వాళ్లే చెప్పుకున్నారు. మొదటిసారి నా నోటితో నేను చెప్పాల్సి వచ్చింది.

"ఊరికి పోయింది" అన్నాను.

"అవ్, ఎప్పుడొస్తది?"

"వస్తది."

ఆమె కాయలు ఏరి డబ్బాలో పోస్తూ, "లోపల పచ్చగుండాలె అని ఒక్కటి పగలగొట్టి సూసుకునేది మీ అక్క. ఈసారి కాయ మంచిగున్నదని చెప్పు" అంది. కొలత అయ్యాక ఇంకో గుప్పెడు పైన పోసింది, అక్కకు ఇవ్వమని. అవి కొంగులో పోయించుకుని వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

ఇంటికి వచ్చి కుర్చీ వేసుకుని పై అరలోంచి సీసా దించాను. కొత్త పొడి రంగు, రుచి దేనితో పోల్చుకోవాలి మరి? మూత బిగుసుకుపోయింది. గుడ్డ వేసి తిప్పితే వచ్చింది. అన్నాళ్లూ నేను భయపడింది ఆ వాసనకే. మూత తీయగానే ఇంగువ, వాము, అక్క కొంగు వాసన అన్నీ కలిసి మీద పడతాయని, తట్టుకోలేనని. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ లేదు. ఇంకా దగ్గరగా పెట్టుకుని పీల్చాను. మన్ను వాసన, తుప్పు పట్టిన చెంచా వాసన. నాలుక మీద కాస్త వేసుకుంటే ఉప్పు తగిలింది, అంతే. నేను జాడీల వెనక దాచిపెట్టిన దాంట్లో అక్క లేదు. అక్కడే కింద కూర్చుండిపోయాను. చాలా ఏడుపు వచ్చింది.

గోదావరిలో కలుపుదామా అని ఒకసారి అనిపించింది. పొడిని తీసుకెళ్లి ఏట్లో కలిపితే చూసినవాళ్లు ఏమనుకుంటారు? కింద కరివేపాకు మొక్కకు వేద్దామంటే ఉప్పుకు మొక్క చస్తుంది. చివరికి సింకులో పోసి కుళాయి తిప్పాను. సీసా తోమి, చెంచా తోమి, ఎండలో బోర్లించాను.

ఈసారి కుదురుగా చేశాను. కరక్కాయ ఒకటి పగలగొట్టి లోపలి రంగు చూశాను. గింజలు తీసేసి పెచ్చును నేతిలో పొంగేదాకా వేయించాను, ఇంగువ కూడా. వాము, జీలకర్ర దోరగా వేగి ఇల్లంతా ఘాటు కమ్ముకుంది. మిక్సీ ఉన్నా రోలు దగ్గరే కూర్చున్నాను. నాలుగు దెబ్బలు వేశానో లేదో మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. ఇంటామె గుమ్మం దగ్గరికి వచ్చి ఆగింది. కప్పు కూలుతుందని అంటుందనుకున్నాను.

"చానా రోజులాయె రోలు చప్పుడు ఇనక" అంది. "పెద్ద ఆపా ఒచ్చినట్టే అనిపిచ్చింది." కొంగుతో కళ్లు తుడుచుకుని, పొయ్యి మీద కూర ఉందని కిందికి వెళ్లిపోయింది.

వేడిగా అన్నం వండాను, పెసరపప్పు చేశాను. కంచం పెట్టుకుని కింద కూర్చున్నాను. ఒక మూల కాస్త అన్నం విడదీసి, పొడి చల్లి, నెయ్యి వేసి కలిపాను. ముద్ద చేశాక చెయ్యి ఆగిపోయింది. మొదటి ముద్ద తన చేత్తో తాను కలుపుకోకూడదు కదా, ఇంకొకరు పెట్టాలి. చుట్టూ చూశాను. ఆ ముద్దను నా ఎడమ అరచేతిలో పెట్టుకున్నాను. మళ్లీ అందులోంచి కుడి చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. ఎవరన్నా చూస్తే పిచ్చి పట్టిందనుకునేవారు.

రుచి కుదిరింది. అక్కది ఇంకాస్త ఘాటుగా ఉండేది. మెల్లగా నమిలాను. మింగేదాకా మాట్లాడలేదు. ముద్ద గొంతు దిగింది. ఇగ చెప్పు అనే మనిషి లేదు. అయినా చెప్పాను, పైకే చెప్పాను.

"ఇయ్యాల సంతకు పోయిన అక్కా. కరక్కాయలామె నిన్ను అడిగింది. ఊరికి పోయిందని చెప్పిన. చచ్చిపోయినవని చెప్పలేకపోయిన. నీకని ఇంకో గుప్పెడు పోసింది. వచ్చే సంతకు పోయి చెప్త."

నా గొంతు ఆ ఇంట్లో నాకే కొత్తగా వినిపించింది. కింద ఎవరో కుళాయి తిప్పారు. పప్పు కంచంలో వేసుకుని కలుపుకున్నాను.